ఎల్‌కేజీ పిల్లకు లాజిక్ వర్క్‌బుక్కులు అవసరమా?

కాజీపేట_నాన్న: మా బిడ్డకు నాలుగున్నరేండ్లు. స్కూల్ల రెండు గ్లాసుల సమానంగ నీళ్లు పోసిన్రు. ఒకదాంట్లయి సన్నటి పొడుగు గ్లాసుల వంపంగనే “గిండ్లనే ఎక్కువున్నయ్” అన్నది. లాజిక్ వీక్ అట, వర్క్‌బుక్కులు కొనమంటున్నరు. రోజూ కూసోబెడితే వస్తదా?

అంగన్‌వాడీ_అక్క: వీక్ కాదు తమ్మీ, వయసు. అది స్విట్జర్లాండ్ శాస్త్రవేత్త పియాజే పెట్టిన పరీక్ష. రెండు నుంచి ఏడేండ్ల దాంక పిల్లలు కంటికి కొట్టొచ్చేది ఒక్కటే పట్టుకుంటరని ఆయన చెప్పిండు. ఎత్తు చూస్తరు, వెడల్పు ఇడిచిపెడ్తరు.

జగిత్యాల_మ్యాథ్స్: అక్కడ్నే ఆగొద్దు మేడం. 1970లల్ల స్కాట్లాండ్‌ల మార్గరెట్ డొనాల్డ్‌సన్, మెక్‌గారిగిల్ అనే పరిశోధకులు ఇంకో తీరుగ చేసిన్రు. రెండు సమానమైన బిళ్లల వరుసల్ల ఒకదాన్ని పెద్దమనిషి జరిపితే పిల్లలు తప్పు చెప్పిన్రు. అల్లరి ఎలుగుబంటి బొమ్మ వచ్చి చెదరగొట్టినట్టు చేస్తే చానమంది “సమానమే” అన్నరు. పెద్దోళ్లు జరిపి మళ్ల అడిగితే, ఏదో మారిందేమో అనుకుంటరు పిల్లలు.

కాజీపేట_నాన్న: అంటే ఈ వయసుకు ఉండాల్సింది మా బిడ్డకు లేదనే గదా!

జగిత్యాల_మ్యాథ్స్: నేనెక్కడన్న అట్ల అన్ననా?

ఓరుగల్లు_పోరడు: గ్లాసు మార్చి ఇంట్ల అడుగున్రి, అయిపాయె.

అంగన్‌వాడీ_అక్క: అడుగుడు కాదు, బతుకమ్మ పేర్చేటప్పుడు పక్కన కూసోబెట్టు. మా సెంటర్ల ఒక పిల్ల, కింద చుట్టు పెద్దగ లేకుంటే పైన గునుగు జారిపోతుందని తనే కనిపెట్టింది. అంత తీసేసి, తంగేడు నుంచి మళ్ల మొదలువెట్టింది. ఏది ముందు, ఏది పెద్దది, లెక్కలకు పునాది గదే.

కాజీపేట_నాన్న: పువ్వులు పేర్చితే ఫస్ట్ క్లాసుల సీటిస్తరా? అంగన్‌వాడీ అంటే గుడ్డు తిని వచ్చుడే.

అంగన్‌వాడీ_అక్క: గిదీ అసలు మాట! మూడు నుంచి ఎనిమిదేండ్ల దాంక ఆటపాటలతోనే నేర్పాలని 2020 జాతీయ విద్యా విధానమే చెప్తున్నది. మేం గదే చేస్తే గుడ్లు పంచేటోళ్లం, వాళ్లు పుస్తకం అమ్మితే చదువు. ఒక్క తండ్రన్న లోపలికొచ్చి చూసిండా?

కరీంనగర్_అమ్మ: నిజం అక్కా.

కాజీపేట_నాన్న: మీ మీద కోపం కాదు. నేను లెక్కలల్లనే పది తప్పిన. బిడ్డ జవాబు చెప్పంగనే టీచర్ మొఖం మారింది. అప్పుడు మా సారు బెత్తం యాదికొచ్చింది నాకు.

జగిత్యాల_మ్యాథ్స్: అన్నా, ఎక్కువని ఎందుకనుకున్నవని బిడ్డను అడిగినవా?

కాజీపేట_నాన్న: ఇప్పుడే అడిగిన. “పైదాంక వచ్చినయ్ గద నాన్నా” అన్నది.

జగిత్యాల_మ్యాథ్స్: కారణం చెప్పింది సూడు. ఇంకేం కావాలె?

కాజీపేట_నాన్న: జవాబైతే తప్పే గదా. పుస్తకాలు కొనాల్నా, వద్దా?

అంగన్‌వాడీ_అక్క: వద్దు.