బందోబస్తుకు డబ్బులిస్తే చాలా, నిద్ర గంటలు ఆర్డర్‌లోనే రాయాలా?

గోదారిగట్టు:
2027లో గోదావరి పుష్కరాలు. పన్నెండు రోజుల పని. ఘాట్లు, రోడ్లు, పార్కింగ్ గురించి సమీక్షలు జరుగుతున్నాయి. ఘాట్ దగ్గర నిలబడే కానిస్టేబుల్ ఎప్పుడు పడుకుంటాడన్న మాట మాత్రం నా చెవిన పడలేదు. 2015 జులై 14న రాజమండ్రి పుష్కర ఘాట్ తొక్కిసలాటలో 27 మంది పోయారు. పోలీసులకు నిద్ర లేకపోవడం వల్లే అలా జరిగిందని నేను అనను. కానీ అలాంటి జనాన్ని అదుపు చేసే మనిషికి కళ్ళు తెరుచుకుని ఉండాలి కదండీ. నేననేది ఒకటే. బందోబస్తు ఆర్డర్‌లో ప్రతి పాయింట్‌కీ డ్యూటీ వాళ్ళ పేరు పక్కనే రిలీవర్ (బదులొచ్చి నిలబడే మనిషి) పేరూ రాయాలి. డ్యూటీ దిగాక ఎనిమిది గంటలు మళ్ళీ పిలవకూడదు. అదనపు డబ్బులిస్తే సరిపోతుందనేవాళ్ళు ఉంటే వాళ్ళూ చెప్పండి.

పాత లాఠీ:
నేను చెప్తా. హెడ్ కానిస్టేబుల్‌గా రిటైరయ్యా. స్కూలు బెంచీల మీద, కల్యాణమండపం తివాచీల మీద, వ్యాన్‌లో కూర్చునీ పడుకున్నాం. ఆర్డర్‌లో విశ్రాంతి అని రాస్తే ఏమవుద్ది? రోల్‌కాల్‌లో "రెస్ట్‌లో ఉన్నోళ్ళు స్టాండ్‌టులో ఉండాలి" అంటారు, అంటే పిలవగానే పరిగెత్తేలా రెడీగా ఉండాలని. బూటు విప్పకుండా పడుకునేది రెస్టా? 2019 జూన్‌లో ఆంధ్రాలో వీక్లీ ఆఫ్ ఇచ్చారు, సంబరపడ్డాం. స్టేషన్‌లో మనుషులు పెరగందే ఆఫ్ ఎక్కడ నిలుస్తది? పండగొచ్చిందంటే క్యాన్సిల్. అందుకే చేతికొచ్చే డబ్బే నయం. ముందు సరెండర్ లీవ్ డబ్బులు, అదే వాడుకోని సెలవులకు బదులిచ్చేవి, టైముకి వెయ్యమనండి.

లెక్కల మాస్టారు:
మనుషుల సంగతి లాఠీ గారు సరిగ్గా చెప్పారు. కేంద్ర పోలీసు పరిశోధన సంస్థ కోసం మన హైదరాబాద్ అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీ 2014లో ఒక అధ్యయనం చేసింది. దేశంలో పోలీసు స్టేషన్ సిబ్బందిలో దాదాపు 90 శాతం రోజుకు ఎనిమిది గంటలు దాటి పనిచేస్తున్నారని తేల్చింది. షిఫ్టులు నడవాలంటే మంజూరైన సిబ్బంది సంఖ్యను 1.68 రెట్లకు పెంచాలంది.

డబ్బు దగ్గరే నాకు పేచీ. పదిహేడు గంటలు నిద్రలేకుండా ఉన్నవాడి పనితీరు, వంద మిల్లీలీటర్ల రక్తంలో 50 మిల్లీగ్రాముల ఆల్కహాల్ ఉన్నవాడి పనితీరుతో సమానమని ఆస్ట్రేలియా పరిశోధకులు 1997లో చూపించారు. మన దేశంలో డ్రంకెన్ డ్రైవ్ కేసుకు 30 దాటితే చాలు! పొద్దున ఆరింటికి లేచి, అర్ధరాత్రి దాకా మిషన్ పట్టుకుని ఊదించే కానిస్టేబుల్ పరిస్థితి చూడండి. ఎదుటివాడి నోట్లో ఉన్నదాని మీద కేసు, ఈయన ఒంట్లో ఉన్నదానికి సలాం. ఎంత భత్యం ఇచ్చినా ఆ లెక్క తగ్గదు.

ఓరుగల్లు:
పైసలు వద్దనేటోడు ఎవడు లేడన్నా. గానీ 2024 అక్టోబర్ల మా తెలంగాణ స్పెషల్ పోలీస్ బెటాలియన్ల సంగతి యాది జేస్కో. సెలవుల పద్ధతి మార్చిన్రని ఇంటోళ్ళు పిల్లల్ని ఎత్తుకొని రోడ్డెక్కిన్రు. తర్వాత కానిస్టేబుళ్ళు గూడ బయటికొస్తే 39 మందిని సస్పెండ్ జేసిన్రు, పది మందిని కొలువుల కెళ్ళే తీసేసిన్రు. ఆ ఆడోళ్ళు అడిగింది మనిషి ఇంటికి ఎప్పుడొస్తడని.

నల్లకోటు:
వాళ్ళు యూనియన్ పెట్టుకుని అడగలేరు కాబట్టే ఇంటివాళ్ళు అడిగారు. 1966 చట్టం పోలీసుల సంఘాల హక్కును బిగించేసింది. 2025లో కొత్త లేబర్ కోడ్ వచ్చేదాకా ఉన్న ఫ్యాక్టరీల చట్టం, 1948 ప్రకారం ఐదు గంటల పనికి అరగంట విరామం తప్పనిసరిగా ఉండేది. అప్పటిదాకా ఉన్న మోటారు రవాణా కార్మికుల చట్టం, 1961లోనూ డ్రైవర్లకు అలాంటి రక్షణే ఉండేది. పోలీసు వ్యాన్ డ్రైవర్‌కి? దేశంలోని పోలీసు చట్టాలకు మూసగా నిలిచిన 1861 చట్టం 22వ సెక్షన్ పోలీసును ఎప్పుడూ డ్యూటీలో ఉన్నట్టే లెక్కిస్తుంది. ఎప్పుడైనా పిలవొచ్చు, నిజమే. నిద్రపోనివ్వొద్దని మాత్రం అందులో లేదు.

పాత లాఠీ:
వకీలు బాబూ, నిమజ్జనం ఊరేగింపు మసీదు దగ్గరికొచ్చి ఆగింది. "సార్, ఐదు గంటలైంది" అని పక్కకెళ్ళి కూర్చుంటావా?

నల్లకోటు:
కూర్చోను బాబాయ్. ఆ విరామం పోయిందని స్టేషన్ జనరల్ డైరీలో ఎస్సై రాయాలి, మర్నాడు అది బాకీ తీర్చాలి. ఇప్పుడు ఎవడి నిద్ర ఎంత పోయిందో ఏ కాగితంలోనూ లేదు. రాతలో లేనిదాన్ని ఏ డీఎస్పీ చూసి అడుగుతాడు?

సెంట్రీ:
మగవాళ్ళంతా గంటల గురించే కొట్టుకుంటున్నారు. నేను మహిళా కానిస్టేబుల్‌ని. పాయింట్ దగ్గర బాత్రూం ఉండదని మేం పొద్దున్నుంచి నీళ్ళు తాగం. ఎండలో తల తిరుగుతుంటే రిలీవర్ కోసం చూస్తాం. పేరు లిస్టులో ఉంటుంది, మనిషి రాడు, ఎందుకంటే అతన్ని వీఐపీ రూట్‌కి లాగేసి ఉంటారు. గోదారిగట్టు గారూ, రిలీవర్ పేరు రాస్తే సరిపోదు, ఆ రిలీవర్ని వేరే పనికి పంపకూడదని కూడా రాయించండి.

గోదారిగట్టు:
ఇది నాకు తట్టలేదమ్మా, బాగా చెప్పారు. కుదరదనేవాళ్ళకు ముంబై చూపిస్తా. 2016లో దేవనార్ స్టేషన్‌లో ఎనిమిది గంటల షిఫ్టు పెట్టి చూసి, తర్వాత నగరంలోని మిగతా స్టేషన్లకీ తెచ్చారు. ఆ ఆలోచన చెప్పింది ఒక మామూలు కానిస్టేబులే. అందరికీ ఒకేసారి కుదరదంటే ముందు డ్రైవర్ల నుంచి మొదలెట్టొచ్చు. రాత్రంతా బందోబస్తులో ఉన్న డ్రైవర్ చేత పొద్దున్నే ఇరవై మందిని ఎక్కించుకుని హైవే మీద వ్యాన్ నడిపించడం ఆపాలి.

పాత లాఠీ:
డ్రైవర్ల దాకా ఒప్పుకుంటా. తెల్లారగట్ల స్టీరింగ్ మీద తల వాలినోళ్ళని చూశా. డైరీలో రాయడం అంటారా, రాసే ఎస్సై కూడా రెండు రాత్రుల నుంచి నిద్ర లేనోడే. ఆయనకి రిలీవర్ ఎవరో అదీ చెప్పండి. సరెండర్ లీవ్ డబ్బుల మాట మాత్రం నేను వదల్ను.