అప్‌డేట్: ఒరిగిపోతున్న మామిడి అంట్ల సంగతి

2 నెలల కిందట అడిగాను గదా, కావలి దగ్గర మా చేలో పెట్టిన బంగినపల్లి అంట్లు గాలికి ఒరిగిపోతున్నాయి, కర్ర ఎట్టా కట్టాలని. తప్పు నాదే. ప్లాస్టిక్ పురికొసతో కాండాన్ని కర్రకు బిగించేశా. విప్పి చూస్తే అంటు పైన బెరడు, బిగుతు ఉంగరం తీసిన వేలు మాదిరి, నొక్కుకుపోయి ఉంది.

మీరు చెప్పినట్టే సరుగుడు కర్రలు వేళ్ళకు తగలకుండా జానెడు ఎడంగా, గాలి వచ్చే వైపు 2 అడుగుల లోతు దించాం. మా అమ్మ పాత చీర చించి 8 అంకె మాదిరి వదులుగా కట్టింది. మొక్క కాస్త ఊగుతోంది, ఊగితేనే కాండం లావెక్కుతుందన్నారు గదా. మొన్న వాయుగుండం గాలికి 26 మొక్కల్లో ఒక్కటే పడింది. అదీ గేదె ఒళ్ళు రుద్దుకోబట్టి! వచ్చే ఏడు ఈ పాటికి కర్రలు పీకేస్తా.