హనుమకొండ నుంచి బేగంబజార్: కారేసుకుని వెళ్లాలా, పార్సిల్ వేయించుకోవాలా?

ఓరుగల్లు వత్తులు (ప్రశ్న):

నమస్తే అండి. నెలకు 300 సోయా క్యాండిల్స్ పోసే చిన్న యూనిట్‌కి సామాను ఎలా తెప్పిస్తే గిట్టుబాటు అవుతుందో తేల్చుకోవాలి. వివరాలన్నీ ఇస్తున్నా, తప్పులుంటే చెప్పండి.

జార్ 200 మి.లీ. గాజు గ్లాసు. వ్యాసం 7 సెం.మీ., ఎత్తు 8 సెం.మీ., ఖాళీది 200 గ్రాములు. 24 జార్ల అట్టపెట్టెలు నెలకు 13 కావాలి. సోయా మైనం 25 కిలోల డబ్బాలు రెండు. సువాసన నూనె 3 కిలోల పైచిలుకు. వత్తులు, స్టిక్కర్లు ఎంతో ఉండవు.

ఆన్‌లైన్ సప్లయర్ దగ్గర ఇవన్నీ కార్ట్‌లో పెడితే షిప్పింగే 8,000 దాకా చూపిస్తోంది. కిలోకు 38 అంటున్నారు. సరుకంతా కలిపినా 125 కిలోలు దాటదు, అంటే 4,750 కావాలి కదా. మిగతాది ఎక్కడి నుంచి వచ్చింది?

పైగా హైదరాబాద్ బేగంబజార్ హోల్‌సేల్ ధరతో పోలిస్తే ఆన్‌లైన్‌లో జార్‌కు 6 రూపాయలు, మైనం కిలోకు 30 ఎక్కువ. కారులో వెళ్తే ఊళ్లో తిరుగుడుతో కలిపి రానూపోనూ 310 కిలోమీటర్లు. మైలేజి 17, పెట్రోలు 107, టోల్ 350 అనుకుంటే 2,300. కారే మేలనిపిస్తోంది. ఏమంటారు?

లెక్కల పుస్తకం:

ముందు ఆ 8,000 సంగతి. కొరియర్ వాళ్లు అసలు బరువు, పరిమాణం బరువు రెండూ చూసి ఏది ఎక్కువైతే దానికి డబ్బు తీసుకుంటారు. పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగిస్తే పరిమాణం బరువు వస్తుంది. కొందరు 4500తో, 4000తో కూడా భాగిస్తారు. అప్పుడు ఇంకా పెరుగుతుంది.

మీ ఫ్యాక్టరీ పెట్టె సుమారు 45 × 30 × 10 ఉంటుంది. అంటే పరిమాణం బరువు 2.7 కిలోలే. అసలు బరువు 5.3. ఇలాగే పంపితే అసలు బరువుకే కడతారు, 13 పెట్టెలకు 69 కిలోలు. కానీ ఆన్‌లైన్ వాళ్లు ఆ పెట్టెలు విప్పి, ఒక్కో జార్‌కు బబుల్ చుట్టి, 12 చొప్పున 40 × 30 × 25 పెట్టెలో సర్దుతారు. లోపలున్నది 3 కిలోలు, బిల్లు 6 కిలోలకు. అలాంటివి 26 పెట్టెలు, 156 కిలోలు, 5,900 రూపాయలు. మైనం, నూనె చార్జీ దీనిమీద కలిపితే మీరు చూసిన 8,000 వచ్చేస్తుంది. మీరు కడుతున్నది గాజుకు కాదు, బబుల్ మధ్య గాలికి.

ఇక కారు. 2,300 అనేది జేబులోంచి ఆ రోజు పోయే డబ్బు. టైర్లు, సర్వీసు, అరుగుదల కిలోమీటరుకు కనీసం 3 రూపాయలు వేసుకోండి, 930. పార్కింగ్ కలిపితే 3,300. ఇది 125 కిలోలకు పంచితే కిలోకు 26. మీరు పోయని రోజు కూడా ఖర్చే. రోజుకు 50 జార్లు పోసేవాళ్లకి ఒక రోజు పోతే నెల ఉత్పత్తిలో ఆరో వంతు వెనకబడినట్టు.

వేరే పనిమీద ఎలాగూ హైదరాబాద్ వెళ్లేది ఉంటే మాత్రం పెట్రోలు ఈ ఖాతాలో రాయొద్దు. అప్పుడు కారును మించింది లేదు.

ధర తేడా వల్ల మిగిలేది జార్ల మీద 1,870, మైనం మీద 1,500, మొత్తం 3,370. కారు ఖర్చు దాన్ని దాదాపు మొత్తం తినేస్తుంది, మిగిలేది షిప్పింగ్ ఆదా మాత్రమే. అసలు తప్పు ప్రశ్నలోనే ఉంది. హోల్‌సేల్ ధర కావాలంటే సరుకు మన కారులోనే రావాలని ఏం లేదు.

గాజుబుడ్డి:

పైన చెప్పింది నిజం. బేగంబజార్ షాపులు ఊళ్లకు సరుకు పంపేది ట్రాన్స్‌పోర్ట్ లారీల్లోనే. అఫ్జల్‌గంజ్, ఉస్మాన్‌గంజ్ చుట్టూ వరంగల్ వైపు లారీలు వేసే ఆఫీసులు ఉంటాయి. షాపు వాడికి డబ్బు వేసి, "ఫలానా ట్రాన్స్‌పోర్ట్‌లో టు-పే వేసి బిల్టీ ఫొటో పంపండి" అంటే చాలు. బిల్టీ అంటే లారీ ఆఫీసు ఇచ్చే రశీదు, టు-పే అంటే కిరాయి సరుకు అందుకునేవాళ్లు కట్టడం. మీరు వరంగల్ గోడౌన్‌లో కిరాయి కట్టి విడిపించుకుంటారు.

మీ సరుకుకు లెక్క ఎలా వేసుకోవాలో చూపిస్తా, రేట్లు మాత్రం మీ ఆఫీసులో అడిగి మార్చుకోండి. జార్ల పెట్టెకు 60 చొప్పున 780. మైనం డబ్బాకు 100 చొప్పున 200. బిల్టీ చార్జీ 50. హమాలీ ఎక్కించడానికీ దించడానికీ కలిపి నగానికి (ఒక్కో పెట్టెకు లేదా డబ్బాకు) 20, 15 నగాలకు 300. గోడౌన్ నుంచి ఇంటికి ట్రాలీ ఆటో 250. మొత్తం 1,580, కిలోకు 13 రూపాయలు. ఇక్కడ పెట్టెను చూసి రేటు చెబుతారు, ఐదువేలతో భాగించే గొడవ లేదు.

హమాలీ, ఆటో మరిచిపోయి "లారీ కిరాయి వెయ్యే" అనుకుని దిగేవాళ్లు ఎక్కువ. ఆ రెండూ కలిపి మూడో వంతు పైనే ఉంటాయి.

జార్లకు ఇవి గట్టిగా చెప్పండి:

ఫ్యాక్టరీ పెట్టెను విప్పొద్దు. లోపల జార్‌కు జార్‌కు మధ్య అట్ట గదులు ఉన్నదే కావాలని అడగండి. గదులు లేని పెట్టెలో గాజుకు గాజు తగిలి అంచు దగ్గర పెచ్చు లేస్తుంది.

రెండేసి పెట్టెలు ఒకదాని మీద ఒకటి పెట్టి ప్లాస్టిక్ పట్టీ వేయించండి. పది కిలోలు దాటిన నగాన్ని హమాలీ రెండు చేతులతో పట్టుకుంటాడు, తేలిక పెట్టె అయితే విసిరేస్తాడు. నగాల సంఖ్య కూడా తగ్గుతుంది. కిరాయి జోడీకి ఎంతో ముందే మాట్లాడుకోవాలి.

మైనం డబ్బాలు జార్ల మీద పెట్టొద్దని రెండు ముఖాల మీదా తెలుగులో, హిందీలో రాయించండి.

బిల్టీ మీద "సరుకు యజమాని బాధ్యత" అని అచ్చు వేసే ఉంటుంది, కాబట్టి పగిలితే డబ్బు రావడం కష్టం. అయినా గోడౌన్‌లోనే పెట్టె ఊపి చూడండి. గలగలమంటే అక్కడే విప్పి, పగిలిన లెక్క డెలివరీ కాపీ మీద రాయించి సంతకం తీసుకోండి. ఇంటికొచ్చాక ఫోన్ చేస్తే ఎవరూ ఒప్పుకోరు. నూటికి మూడు పగులుతాయని ముందే ధరలో కలుపుకోవడం మంచిది. 312 జార్లలో తొమ్మిది పోయినా మీకు 303 మిగులుతాయి, అందుకే 13 పెట్టెల ఆర్డర్ సరైనదే.

వెంట్రుకంత బీట ఉన్న జార్ ఏదైనా సరే పక్కన పడేయండి. వేడి మైనం పోసినప్పుడు పగలకపోయినా, కస్టమర్ ఇంట్లో వెలుగుతుండగా పగలొచ్చు. గోటితో కొడితే మంచి జార్ ఖంగున మోగుతుంది, బీట ఉన్నది బొంగురుగా పలుకుతుంది.

పరిమళం:

నూనె గురించి ఎవరూ మాట్లాడలేదు. ఇది మాత్రం లారీలో వేయొద్దు, కారులో కూడా అవసరం లేదు. కిలోకు వేలల్లో ధర, బరువు మూడు కిలోలు. కొరియర్‌కు 38 చొప్పున నూట ముప్పై రూపాయలే. ఇక్కడ కిరాయి లెక్కే కాదు, పాడవకుండా రావడం ముఖ్యం.

ముందు ఎంత కావాలో సరిగ్గా తేల్చుకోండి. 200 మి.లీ. జార్‌ను అంచు దాకా నింపరు కదా. 160 మి.లీ. దాకా పోస్తే, కరిగిన సోయా మైనం మి.లీ.కు 0.86 గ్రాములు వేసుకుంటే 138 గ్రాములు. మైనం బరువులో 8 శాతం నూనె అంటే 128 గ్రాముల మైనం, 10 గ్రాముల నూనె. 300 జార్లకు 38.4 కిలోలు, 3 కిలోలు. గిన్నెకు అంటుకునేది, టెస్టులకు పోయేది 5 శాతం కలిపితే మైనం 40, నూనె 3.2. మీరు 50 కిలోల మైనం తెస్తున్నారు కాబట్టి నెలకు 10 కిలోలు మిగులుతుంది. ఐదు నెలలకొకసారి మైనం కొనకుండా గడుస్తుంది, ఆ నెల లారీ కిరాయి ఆ మేరకు తగ్గించుకోండి.

నూనె పార్సిల్ వెనక్కి రావడానికి కారణం ఎక్కువగా ఫ్లాష్ పాయింట్, అంటే నూనె ఆవిరికి నిప్పు అంటుకునే ఉష్ణోగ్రత. 60 డిగ్రీలు, అంతకంటే తక్కువ ఉన్నది మండే ద్రవం కింద వస్తుంది, విమానంలో మామూలు పార్సిల్‌లా వేయరు. నారింజ, నిమ్మ రకాల్లో లిమోనీన్ ఎక్కువ, దాని ఫ్లాష్ పాయింట్ 50కి లోపే. వెనిల్లా, గంధం రకాలకు సాధారణంగా ఇబ్బంది రాదు. కానీ కాగితం లేకపోతే కొరియర్ వాడికి రెండూ ఒకటే. ఆర్డర్‌తో పాటు ఎంఎస్‌డీఎస్ (సరుకు భద్రతా వివరాల) కాగితం అడిగి పెట్టె మీద అంటించమనండి, "సర్ఫేస్" అని, అంటే రోడ్డు మార్గంలో వెళ్లేలా బుక్ చేయించండి. ఒకటి రెండు రోజులు ఆలస్యమైనా తిరిగి వెళ్లే అవకాశం తక్కువ.

సీసా పూర్తిగా నింపొద్దని చెప్పండి, ఎండకు నూనె వ్యాకోచిస్తే మూత దగ్గర కారుతుంది. మూత కింద రేకు సీలు ఉండాలి. నూనె, వత్తులు ఒకే పెట్టెలో వద్దే వద్దు. ఒక్క సీసా కారితే వత్తులన్నీ నూనె పీల్చి, వెలిగించినప్పుడు పొగ, మసి.

మైనంముద్ద:

అందరూ కారును పూర్తిగా కొట్టేస్తున్నారు. నేను ఒప్పుకోను. కొత్త జార్ డిజైన్, కొత్త రకం మైనం మొదలుపెట్టేటప్పుడు స్వయంగా వెళ్లాలి. జార్ అడుగు మందం, నోరు గుండ్రంగా ఉందా, మూత బిగుస్తుందా అనేది ఫొటోలో తెలియదు. రెండు మూడు షాపుల్లో ఒక్కో పెట్టె చొప్పున కొని, ఇంట్లో పోసి, వెలిగించి చూశాకే 13 పెట్టెల ఆర్డర్. సోయాకు వాసన కుదురుకోవడానికి రెండు వారాలు ఆగాలి కాబట్టి మొదటి పర్యటనకు, పెద్ద ఆర్డర్‌కు మధ్య కనీసం మూడు వారాలు పెట్టుకోండి.

అయితే దానికి కారెందుకు? కాజీపేట నుంచి సికింద్రాబాద్‌కు రైలు, అక్కడి నుంచి ఆటో. బేగంబజార్ సందుల్లో కారు నిలిపే చోటే దొరకదు, దూరంగా పెట్టి పెట్టెలు మోయించుకుంటే అదో హమాలీ. ఆదివారం చాలా షాపులు మూసి ఉంటాయి, శనివారం రద్దీ. వారం మధ్యలో పొద్దున 11కి చేరితే షాపు వాళ్లకు మాట్లాడే తీరిక ఉంటుంది.

ఒకవేళ కారులోనే తెస్తే వేసవిలో జాగ్రత్త. జార్లలో పోసే సోయా మైనం 45–50 డిగ్రీల మధ్య కరుగుతుంది. మే నెలలో ఎండలో మూసిన కారు లోపల 60 దాటుతుంది. భోజనానికని గంట ఆపినా పలుకులన్నీ ముద్దకట్టేస్తాయి. ముద్దకట్టిన మైనం పాడైపోయినట్టు కాదు, కోసి కరిగించుకోవచ్చు. కానీ కవరు చిరిగి ఉంటే డిక్కీ అంతా కారుతుంది. 58–60 రకం పారఫిన్ పలకలు అంత తొందరగా కరగవు, వంగి ఒకదానికొకటి అతుక్కుంటాయి. నీడలో ఆపండి, లేదా సాయంత్రం లోడ్ చేసి బయల్దేరండి.

13 జార్ల పెట్టెలంటే 175 లీటర్ల చోటు. చిన్న కారు డిక్కీలో లెక్కకు పట్టాలి గానీ, చక్రాల గుబ్బల వల్ల 9 పెట్టెలకు మించి కుదరవు. మిగతావి వెనక సీటు మీద, మైనం డబ్బాలు సీటు ముందు నేలమీద.

ఓరుగల్లు వత్తులు:

చాలా థాంక్స్ అండి, బబుల్ పెట్టెల లెక్క ఇప్పుడు అర్థమైంది. రెండు సందేహాలు. మూడు నెలల జార్లు ఒకేసారి వేయిస్తే కిరాయి తగ్గుతుందా? షాపు వాళ్లు కచ్చా బిల్లు అయితే జార్‌కు ఇంకో రెండు రూపాయలు తగ్గిస్తామంటున్నారు, తీసుకోవచ్చా?

లెక్కల పుస్తకం:

కచ్చా బిల్లు వద్దు. బిల్లు లేకుండా మంచి ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసు బుక్ చేయదు, దారిలో ఆపితే సరుకు మీది అని చూపే కాగితం ఉండదు. జార్, మైనం, నూనె మూడింటికీ జీఎస్టీ ఉంటుంది, ఎంత శాతమో బిల్లులో చూసుకోండి. మీకు రిజిస్ట్రేషన్ ఉంటే పక్కా బిల్లుతో అది ఇన్‌పుట్‌గా (మీరు కట్టాల్సిన పన్నులో తగ్గింపుగా) తిరిగి వస్తుంది, రెండు రూపాయల తగ్గింపు కంటే అదే ఎక్కువ. రిజిస్ట్రేషన్ లేకపోతే రెండు చోట్లా పన్నుతో కలిపిన ధరే పోల్చండి. కొందరు పన్ను లేని ధర చెప్పి బిల్లులో కలుపుతారు.

ఒక్క బిల్లు విలువ 50,000 దాటితే ఈ-వే బిల్లు (సరుకు రవాణాకు ఆన్‌లైన్‌లో తీసే పత్రం) కావాలి. మూడు నెలల సరుకు అక్కడికి చేరొచ్చు, షాపు వాడితో తీయించండి.

మూడు నెలల జార్ల మీద కిరాయి పెద్దగా తగ్గదు, పెట్టెకు ఇంత అనేది మారదు. బిల్టీ, ఆటో మాత్రం రెండుసార్లు మిగులుతాయి, 600 రూపాయలు. దానికోసం 39 పెట్టెలు ఇంట్లో పెట్టుకోవడం, అంత డబ్బు ఇరుక్కోవడం నాకు నచ్చదు. రెండు నెలలకు 26 పెట్టెలు సరిపోతుంది. దీపావళి ముందు మాత్రం ఆగస్టులోనే తెప్పించుకోండి, ఆ తర్వాత లారీలు నిండి సరుకు బుకింగ్ ఆఫీసులోనే నాలుగైదు రోజులు ఆగుతుంది.

గాజుబుడ్డి:

గోడౌన్‌లో సరుకు దిగిన రోజే ఫోన్ రాకపోవచ్చు, బిల్టీ నంబర్ పెట్టుకుని మీరే అడగాలి. ఉచితంగా ఎన్ని రోజులు ఉంచుతారో బుక్ చేసేటప్పుడే కనుక్కోండి, గడువు దాటితే రోజుకింత అద్దె వేస్తారు. వాన కాలంలో పెట్టెల కింద ప్లాస్టిక్ కవరు చుట్టమనండి. తడిసిన అట్టపెట్టె ఎత్తగానే అడుగు ఊడిపోయి 24 జార్లూ ఒకేసారి నేలపాలవుతాయి.