కథలో వెళ్లిపోయిన అమ్మాయి సరే, ఉండిపోయిన ఆడవాళ్ల మాటేమిటి?

గోదావరి గట్టు:
మాది రాజమండ్రి. అమ్మాయి బీటెక్ మూడో ఏడు. 2025 నవంబరులో 'ది గర్ల్‌ఫ్రెండ్' వచ్చినప్పుడు ఇద్దరం కలిసి వెళ్లాం. ఆటో ఎక్కగానే గొడవ. "ఆ భూమకి అంత ఆలస్యంగా తెలివొచ్చిందేంటమ్మా, నేనైతే రెండో రోజే బ్లాక్ చేసేదాన్ని" అంటుంది. రష్మిక పాత్ర మీద దానికి జాలి లేదు, ఒకటే చిరాకు. నాకేమో భూమ మీద ధ్యాసే లేదు. భూమ మీద పెత్తనం చేసే ప్రియుడు ఉంటాడు చూడండి, రోహిణి వేసిన ఆ అబ్బాయి తల్లి పాత్ర దగ్గరే ఆగిపోయాను. ఆవిడ తెర మీద ఉండేదే కాసేపు. మాట పెగలదు, ఒళ్లంతా దగ్గరికి ముడుచుకుని ఉంటుంది.

మా అత్తగారు గుర్తొచ్చారు. స్టీలు గ్లాసు బల్ల మీద పెట్టేటప్పుడు చప్పుడు కాకుండా ముందు చిటికెన వేలు ఆనించి, దాని మీద గ్లాసు దించి, మెల్లగా వేలు లాక్కుంటారు. మామగారికి చప్పుడు పడేది కాదు. ఆయన పోయి తొమ్మిదేళ్లు. ఆ వేలు మాత్రం ఇప్పటికీ అలాగే ముందు వెళ్తుంది.

నాకు కావాల్సింది ఇదీ: తలుపు తోసుకుని బయటికి నడిచే నాయికల కథలు చాలానే చూశాను. ఉండిపోయిన ఆడవాళ్ల వైపు నుంచి చెప్పినవి ఏమైనా ఉన్నాయా? నవల, నాటకం, సినిమా, ఏదైనా పర్లేదు.

కందిపచ్చడి:
'ది గ్రేట్ ఇండియన్ కిచెన్' చూడండి. జియో బేబీ తీసిన మలయాళం సినిమా, 2021. అందరూ కోడలి గురించీ, ఆ కారే సింకు గురించే మాట్లాడతారు. మీరు అత్తగారిని చూడండి. భర్తకి బ్రష్ కూడా ఆవిడే తెచ్చి చేతికివ్వాలి. కూతురి పురిటి కోసం వెళ్లిపోతుంది కాబట్టి కాసేపయ్యాక సినిమాలో కనిపించదు. ఆవిడ పీజీ చదివిందని మనకి చెప్పేది ఎవరో తెలుసా? ఆ మామగారే! అంత చదివీ ఉద్యోగానికి వెళ్లలేదని గొప్పగా చెప్తాడు. నాకు ఒళ్లు మండింది. (మా ఆయన పక్కనే కూర్చుని చూస్తూ "పచ్చడి రోట్లో రుబ్బితే రుచి వేరులే" అన్నాడు. ఆ పూట నేను వంట చేయలేదు.)

తంగేడు:
మీ అమ్మాయికి ఒక మాట చెప్పండి. భూమ తల్లి లేకుండా తండ్రి గుప్పిట్లో పెరిగిన పిల్ల. 'వద్దు' అనడం ఇంట్లోనే అలవాటు కానివాళ్లకి బ్లాక్ బటన్ కనపడదు. నాకు మూడేళ్లు పట్టింది.

అటక మీద పెట్టె:
ఉండిపోయినవాళ్లంటే నాకు ముందు ఊర్మిళే. మా అమ్మమ్మ 'ఊర్మిళాదేవి నిద్ర' పాడేది. పద్నాలుగేళ్లూ నిద్రపోతుంది కదా, చివరికి లక్ష్మణుడు వచ్చి లేపితే ఎవడో పరాయివాడనుకుని హడలిపోయి చీవాట్లు పెడుతుంది. అక్కడికి వచ్చేసరికి అమ్మమ్మ గొంతు పెరిగేది. అదెందుకో ఓల్గా 'విముక్త' చదివాక తెలిసింది. కొత్తదేం కాదు, 2015లోనే సాహిత్య అకాదెమీ అవార్డు వచ్చిన కథల పుస్తకం. అందులో ఊర్మిళది నిద్ర కాదు. తలుపు వేసుకుని, ఎవరికి ఎవరి మీద అధికారం, ఎందుకు అని తనలో తాను తవ్వుకుంటుంది. ఉన్నచోటనే ఉండి వెళ్లిపోవడం అనుకోండి.

మూడో గంట:
నేను నాటకాలు వేస్తాను. 'కన్యాశుల్కం' అనగానే అందరికీ మధురవాణి, గిరీశం. నాకు వచ్చింది వెంకమ్మ. అగ్నిహోత్రావధాన్లు భార్య. పెద్దకూతురు అప్పటికే వితంతువు, రెండోదాన్ని లుబ్ధావధాన్లుకి అమ్మేస్తున్నారని తెలిసి నూతిలో దూకుతుంది. ఆవిడ దూకకపోతే ఆవిడ తోడబుట్టిన కరటకశాస్త్రి ఆ పెళ్లి ఆపే ఎత్తు వేయడు, కథే కదలదు. అంతా కలిపితే నాటకం చాలా పెద్దది, అందుకని ఎవరైనా కత్తిరించే ఆడతారు. మా ప్రదర్శనలో నా భాగం కత్తిరించగా కత్తిరించగా వింగ్ వెనకాల ఒక్క కేక మిగిలింది. ఆ కేకకి మేకప్ ఎందుకని మేకప్ కూడా వేయలేదు. అయినా నేను జరీ లేని నేత చీర కట్టుకునే వెళ్లాను.

గోదావరి గట్టు:
అందరికీ థాంక్స్. 'మూడో గంట' గారూ, ఈసారి మా ఊళ్లో వేస్తే చెప్పండి, ఆ కేక కోసమే వస్తాను.

ఆదివారం 'కిచెన్' పెట్టాను. అత్తగారు, నేను, అమ్మాయి. మలయాళం రాకపోయినా ఆ సినిమాకి భాషతో పెద్ద పని లేదు. అమ్మాయి ఫోన్ పక్కన పడేసి చూసింది, అదే వింత. బ్రష్ అందించే చోట నేను అత్తగారి వైపు చూశాను. ఆవిడ తెర మీంచి చూపు తిప్పకుండా అన్నారు:

"ఈవిడ నయం. మనింట్లో పేస్టు ఎక్కువైతే బ్రష్ విసిరేసేవారు."