అప్‌డేట్: బడిలో ఏడిపిస్తున్నారని రాసిచ్చాక ఏం చేయాలి?

అడిగింది ఇదీ: ఏడో తరగతి బాబును తోటి పిల్లలు రోజూ ఏడిపిస్తుంటే, నోటిమాటగా చెప్తే స్కూలు పట్టించుకోకపోతే దారేంటని. మీ సలహాలతో కదిలింది, థాంక్సండీ.

అన్నిటికన్నా పనికొచ్చింది నోట్‌బుక్. "ఏడిపిస్తున్నారు" అంటే "పిల్లలన్నాక మామూలే" అనేస్తారు. "మంగళవారం, 12:40, రెండో అంతస్తు మెట్ల దగ్గర, టిఫిన్ బాక్సులో కూర పారబోశారు, ఇద్దరు చూశారు" అని రాస్తే అలా కొట్టిపారేయలేరు. నాలుగైదు ఇలాంటివి పోగయ్యాక ప్రిన్సిపాల్‌కి రాతపూర్వకంగా ఇచ్చి, కాపీ మీద స్టాంపు, తేదీ వేయించుకోవాలి. సీబీఎస్‌ఈ స్కూలైతే యాంటీ బుల్లీయింగ్ కమిటీ ఉండాలని 2015 సర్క్యులర్ చెప్తోంది, దాన్ని ప్రస్తావించండి.

ఒక్కటి మాత్రం ఒప్పుకోకండి: ఇద్దర్నీ ఎదురెదురుగా నిలబెట్టి "షేక్‌హ్యాండ్ ఇచ్చుకోండి" అనడం. భయపడే పిల్లాడు అక్కడ నోరు విప్పడు, బయటికొచ్చాక "చెప్తావా" అని ఇంకో రెండు తగులుతాయి. విడివిడిగానే మాట్లాడించమనండి. సెక్షన్ మార్చాల్సొస్తే బాధపడ్డవాణ్ణి కాదు. లంచ్ టైములో ఆ మెట్ల దగ్గర టీచర్ డ్యూటీ అడగండి.

నిద్ర పట్టకపోవడం, బడి రోజుల్లోనే కడుపునొప్పి ఉంటే టెలి మానస్ (ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్) 14416కి ఫోన్ చేయండి. ఉచితం, 24 గంటలూ, తెలుగులోనూ మాట్లాడతారు. చచ్చిపోతానన్న మాట వస్తే పిల్లాణ్ణి ఒంటరిగా వదలకుండా అదే రోజు డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాలి. పిల్లలే నేరుగా ఫోన్ చేయాలంటే చైల్డ్ హెల్ప్‌లైన్ 1098. ఆ రెండు నంబర్లూ డైరీ వెనక అట్ట మీద రాసిపెట్టండి.