చిన్నప్పటి గదిలో షెల్ఫులు: కడప బద్దలా, ప్లైవుడ్డా?

తెనాలి_1978 · శనివారం ఉదయం 7:12
అందరికీ నమస్కారం. తెనాలిలో మా నాన్నగారు 1983లో కట్టిన ఇల్లు. అందులో నేను, చెల్లి పెరిగిన చిన్న గది ఒకటుంది, లోపలి కొలత 10 అడుగులు, 9 అడుగులు. ఇప్పుడు అడుగు పెట్టే సందు లేదు. నాన్నగారు తెలుగు మాస్టారుగా చేసి రిటైరయ్యారు, ఆయన పుస్తకాలన్నీ అక్కడే. రెండు ట్రంకు పెట్టెలు, కుట్టు మిషను, పిల్లల పాత సైకిలు కూడా. మా పెద్దాడు ఈ ఏడు పదో తరగతి. వాడికి కూర్చుని చదువుకునే చోటు కావాలి. గోడలకి షెల్ఫులు వేయించి సామాను పైకెక్కిస్తే కింద టేబులు పడుతుంది. తూర్పు గోడ బయటిది, తొమ్మిదంగుళాలు. దక్షిణం వైపుది లోపలి గోడ, నాలుగున్నర అంగుళాలు. రెండింటికీ కింద నుంచి అటక దాకా 15 అంగుళాల లోతున అనుకుంటున్నాను. మేస్త్రీ కడప బద్దలు (నల్ల రాతి పలకలు) అంటాడు, కార్పెంటరు ప్లైవుడ్ అంటాడు. దసరా సెలవుల్లో పని అయిపోవాలి. ఏది మంచిది?

ఎర్రగుంట్ల_రాయి · 7:41
కడప బద్దే వేయించండి, రెండో ఆలోచన వద్దు. మాది రాయి తీసే ప్రాంతం. మా అమ్మ వంటింట్లో నేను పుట్టకముందు వేసిన బద్దలు ఇప్పటికీ అలాగే ఉన్నాయి, ఏడాదికోసారి కొబ్బరినూనె గుడ్డతో తుడిస్తే నల్లగా మెరుస్తాయి. మీ ఊళ్లో కాలవలు, నిమ్ము, చెదలు. తెలుగు మాస్టారి పుస్తకాలకి చెదలు పట్టాక ఏడ్చి లాభం లేదు. రాయికి చెద పట్టదు, ఉబ్బదు, వంగదు.

చెక్కపని · 8:05
రాయి మంచిదే. ఎక్కడ వేస్తున్నాం అన్నదే ప్రశ్న. 4 అడుగుల పొడవు, అడుగు వెడల్పు, 20 మి.మీ. మందం ఉన్న బద్ద ఒక్కటే దాదాపు 20 కిలోలు. దాని మీద పుస్తకాలు. మా ఇంట్లో ఒక అడుగు పొడవు నిఘంటువులు తూకం వేస్తే 11 కిలోలు వచ్చాయి. అంటే ఒక్కో అరకి 60 కిలోల పైమాట. తొమ్మిదంగుళాల గోడ మోస్తుంది. నాలుగున్నర అంగుళాల గోడకి బద్ద దూర్చడానికి గాడి కొడితే ఇటుకలో సగం పోతుంది, పైగా అవతలి గదిలో పెచ్చులూడతాయి. దక్షిణం గోడకి రాయి వద్దు. ప్లై తీసుకుంటే ఐఎస్ 710 ముద్ర ఉన్న, తడికి ఆగే మెరైన్ ప్లై, 19 మి.మీ. తీసుకోండి. ఐఎస్ 303లో మామూలు రకం చవకే కానీ మీ నిమ్ముకి ఆగదు.

ఎర్రగుంట్ల_రాయి · 8:19
గాడి కొట్టమని ఎవరన్నారు? నిలువు బద్దలు నేల మీద నిలబెట్టి, వాటి మీద అడ్డ బద్దలు కూర్చోబెడతారు. బరువు నేలకి పోతుంది, గోడకి కాదు. ఈ పద్ధతి మా ఊళ్లో చిన్న మేస్త్రీకి కూడా తెలుసు.

చెక్కపని · 8:33
నిలువు బద్దలకైనా వెనక గోడకి పట్టు కావాలి, లేకపోతే పిల్లలు ఎక్కితే ముందుకి పడుతుంది. ఆ పట్టు కోసం మళ్లీ గాడే. ఇంకో మాట, ఏది వేసినా మధ్యలో ఆసరా ముఖ్యం. అంతే బరువు అడుగడుక్కీ పెడుతూ అర పొడవు రెట్టింపు చేస్తే కుంగుదల రెట్టింపు కాదు, పదహారు రెట్లు. రెండున్నర అడుగులకొక ఆసరా ఉండాలి.

ఎర్రగుంట్ల_రాయి · 8:40
అది చెక్క కుంగుతుంది. రాయి కుంగదు.

చెక్కపని · 8:44
కుంగదు, ఒక్కసారిగా విరుగుతుంది. మా మేనత్తగారింట్లో ఊరగాయ జాడీల కింద విరిగింది. కింద మనిషి లేరు కాబట్టి సరిపోయింది.

కరీంనగర్_పోరడు · 9:02
అన్నా, మా దిక్కు షాబాదు బండలతోని ఏస్తరు. ముప్పై ఏండ్లాయె, ఏం కాలే.

మల్లెపందిరి · 9:30
ఒక సందేహం. ఆ ట్రంకు పెట్టెలు ఎవరివండీ?

తెనాలి_1978 · 9:36
మా చెల్లివి. పెళ్లయ్యాక ఇక్కడే ఉంచి వెళ్లింది. పై అరలో భద్రంగా పెడతాను, పారెయ్యడం లేదు. గాడి సంగతి తేల్చండి దయచేసి, మేస్త్రీకి మధ్యాహ్నం చెప్పాలి.

చెక్కపని · 10:10
కాగితం మీద గీసి చూశాను. రెండు వైపులా 15 అంగుళాలు పోతే మీకు మిగిలేది 8 అడుగుల 9 అంగుళాలు, 7 అడుగుల 9 అంగుళాలు. టేబులు నాలుగడుగులు, రెండడుగులు. కుర్చీ వెనక్కి లాగడానికి ఇంకో రెండున్నర. తలుపు లోపలికి తెరుచుకుంటుందా? మంచం ఏ గోడకి వేస్తున్నారు?

తెనాలి_1978 · 10:14
తలుపు లోపలికే. మంచం తీసేస్తున్నాం. దాని మీద ఎవరూ పడుకోవడం లేదు.

మల్లెపందిరి · 10:22
మీ చెల్లెలు వస్తే ఎక్కడ పడుకుంటుంది?

తెనాలి_1978 · 10:30
హాల్లో బోలెడు చోటుంది. పరుపులు వేస్తాం. ఇది షెల్ఫుల గురించి పెట్టిన ప్రశ్న మేడం.

మల్లెపందిరి · 11:05
షెల్ఫుల గురించే చెప్తున్నాను. నా పెళ్లి 2009లో. రెండో నెలలో పుట్టింటికి వెళ్తే నా గదిలో బియ్యం బస్తాలు. నా పుస్తకాల పెట్టె ‘భద్రంగా’ అటకెక్కింది. ఏడేళ్ల తర్వాత దింపించుకుంటే ఎలుకలు కొట్టేశాయి. డిగ్రీలో నేను చేసిన వృక్షశాస్త్రం రికార్డు, ఒక్కో ఆకూ దిండు కింద పెట్టి ఎండబెట్టి అంటించింది, పిడికెడు పొట్టయిపోయింది. తంగేడు పువ్వు అంటించిన పేజీ ఒక్కటి సగం మిగిలింది. పువ్వు లేదు, జిగురు మచ్చ ఉంది, దాని కింద నా చేతిరాతలో కేసియా ఆరిక్యులేటా అని ఉంది. అమ్మ ‘పాత కాగితాలేగా’ అంది. నేనేం మాట్లాడలేదు. ఆ రోజు నుంచి అక్కడికి వెళ్తే నా బ్యాగు సర్దుకున్నది సర్దుకున్నట్టే ఉంచుతాను.
మీరు పై అరలో పెడతానంటున్న పెట్టెల్లో ఏముందో మీకు తెలుసా?

ఎర్రగుంట్ల_రాయి · 11:12
అందుకే అమ్మా, అటకకి తలుపు పెట్టించుకోవాలి. ఎలుకలకి రాయే మందు.

ఎడిసన్_వాసి · 11:48
నాది తిరగబడ్డ కథ. న్యూజెర్సీకి వచ్చి 19 ఏళ్లు. ఏలూరులో నా గది అమ్మ తాళం వేసి ఉంచింది. నా ఇంజనీరింగ్ డ్రాయింగ్ బోర్డు, టీ స్కేలు కూడా అలాగే. రెండేళ్లకోసారి 15 రోజులు వస్తాను. నాన్న మోకాళ్లు పాడై మేడ ఎక్కలేకపోతున్నారు, కిందున్న నా గది వాడుకోమంటే ‘అది వాడి గది’ అంటుందట అమ్మ. పిల్లల గదులు గుడి చేసి పెట్టుకోకూడదు. ఇంట్లో ఉన్నవాళ్లకి ముందు పనికిరావాలి. షెల్ఫులు వేయించండి.

మల్లెపందిరి · 11:57
మీ మాటలోనే ఉంది చూడండి. అమెరికాలో ఉన్న కొడుకు గదికి 19 ఏళ్లు తాళం. మూడు గంటల ప్రయాణంలో ఉన్న కూతురి గదికి రెండు నెలల్లో బియ్యం బస్తాలు.

లాపాయింట్ · 12:20
చట్టం కూడా ఇలాగే ఉండేది. 1956 హిందూ వారసత్వ చట్టంలో 23వ సెక్షన్ చదవండి. కుటుంబం ఉంటున్న ఇంట్లో మగ వారసులు పంచుకుందామనే దాకా ఆడ వారసులు వాటా విడదీయమని అడగకూడదు. కూతురికి ఆ ఇంట్లో ఉండే హక్కు పెళ్లి కాకపోతేనో, భర్త వదిలేస్తేనో, భర్త నుంచి విడిపోతేనో, వితంతువైతేనో. కాపురం చక్కగా చేసుకుంటున్న కూతురికి చోటు లేదు! 2005 సవరణలో ఆ సెక్షన్ తీసేశారు. ఎన్టీఆర్ హయాంలో 1986లోనే మన రాష్ట్రం కూతుళ్లకి ఉమ్మడి ఆస్తిలో సమాన హక్కు ఇచ్చింది కానీ, అప్పటికే పెళ్లయిన వాళ్లకి అది వర్తించలేదు. ఆఖరికి 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు ఆ హక్కు పుట్టుకతోనే వస్తుందని తేల్చింది. కాబట్టి గోడకి మేకు కొట్టే ముందు చెల్లెల్ని అడగండి.

తెనాలి_1978 · 12:31
మా నాన్నగారు బతికే ఉన్నారు. ఇల్లు ఆయన సొంత సంపాదన, పీఎఫ్ లోనుతో కట్టారు. ఇందులో ఇప్పుడు నాకూ హక్కు లేదు, చెల్లికీ లేదు. రాయా చెక్కా అని అడిగితే కోర్టుకి లాగుతున్నారు.

లాపాయింట్ · 12:35
స్వార్జితమైతే మీరన్నది నిజమే. మరి నాన్నగారిని అడిగారా?

చిన్నకోడలు · మధ్యాహ్నం 2:10
అందరూ ఆడపడుచు వైపే మాట్లాడుతున్నారు. కోడలి వైపు నుంచి ఒక్కరైనా మాట్లాడాలి. నేను అత్తగారింట్లో ఉండి 14 ఏళ్లు. మా ఇంట్లోనూ ఒక గది ఉంది, ‘మా అమ్మాయి గది’. ఏడాదిలో నాలుగు రోజులు తెరుస్తారు. నా పిల్లలు మాత్రం డైనింగ్ టేబుల్ మీద చదువుకుంటారు, కంచాలు పెట్టేటప్పుడు పుస్తకాలు తీసేసి మళ్లీ సర్దుకుంటారు. కిందటేడు మా అమ్మాయి సైన్స్ నోట్సు మీద సాంబారు ఒలికింది, అది ఏడుస్తూ ఫ్యాను కింద పేజీలు ఆరబెట్టుకుంది. ఆ గదిలో ఖాళీ మంచం మీద దుప్పటి నేనే నెలకోసారి ఉతికి పరుస్తాను. నేను పుట్టినింట్లో నా గది తమ్ముడికి పోయింది. ఇక్కడ నాదంటూ గది ఎప్పుడూ లేదు. మా ఆడపడుచుకి రెండు ఇళ్లలో రెండు గదులున్నాయి. ఆమె మంచిది, ఆమె మీద కోపం లేదు. కానీ తెనాలి అన్నయ్యగారి భార్య ఏమనుకుంటోందో ఎవరైనా అడిగారా? షెల్ఫులు వేయించండి అన్నయ్యగారూ.

మల్లెపందిరి · 2:26
చెల్లీ, నీ బాధ నాకు తెలుసు, నేనూ ఒకింటి కోడల్నే. కానీ నీకు గది ఇవ్వనిది మీ ఆడపడుచు కాదు కదా.

చిన్నకోడలు · 2:31
నాకు తెలుసక్కా. కానీ తాళం ఉన్నది ఆ గదికే.

తెనాలి_1978 · 3:05
ఇక నేనూ చెప్తాను. చెల్లి వచ్చేది సంక్రాంతికి, అదీ ఒక్క పూట. మూడేళ్లుగా రాత్రి ఉండడమే లేదు. పొద్దున వచ్చి, భోజనం చేసి, సాయంత్రం నెల్లూరు బండికి వెళ్లిపోతుంది. అమ్మ అరిసెలు కట్టిచ్చి గేటు దగ్గర నిలబడి చూస్తూ ఉంటుంది. అమ్మానాన్నల మందులు, ఆసుపత్రి, కరెంటు బిల్లు అన్నీ నేనే చూస్తున్నాను. నేను హైదరాబాదులో ఉద్యోగం వదులుకుని వచ్చింది వీళ్ల కోసమే. ఉండని మనిషికి మంచం ఎందుకు? ఈ ఇంట్లో ఒక గది సర్దుకోవడానికి కూడా నేను నలుగురి అనుమతి తీసుకోవాలా?

కరీంనగర్_పోరడు · 3:09
అన్నా, జెర నిమ్మలం.

మల్లెపందిరి · 3:14
తమ్ముడూ, మీరు చేస్తున్నది చిన్న పని కాదు, కాదనను. ఒక్కటే అడుగుతాను. ఆమె రాత్రి ఎందుకు ఉండడం లేదో ఎప్పుడైనా అడిగారా?

చెక్కపని · 3:40
గొడవ మధ్యలో చెప్తున్నందుకు ఏమనుకోకండి. 15 అంగుళాలు అక్కర్లేదు. పుస్తకానికి 10 అంగుళాలు చాలు. తూర్పు గోడ వదిలేసి, దక్షిణం గోడకి మాత్రం 10 అంగుళాల లోతున వేయించి, ట్రంకు పెట్టెలు మంచం కిందకి తోస్తే, ఆరడుగుల మంచం తూర్పు గోడ వెంట పడుతుంది. టేబులు కిటికీ దగ్గర. సైకిలు, కుట్టు మిషను వేరే చోటికి పోవాలి. మంచం మూడడుగుల వెడల్పు మించకూడదు.

ఎర్రగుంట్ల_రాయి · 3:52
10 అంగుళాలైతే బద్ద బరువు కూడా తగ్గుతుంది. ఇప్పుడు దక్షిణం గోడకి కూడా రాయే వేయించవచ్చు.

తెనాలి_1978 · రాత్రి 9:48
చెల్లికి ఫోన్ చేశాను. షెల్ఫుల గురించి అడగడానికే చేశాను, మంచం తీసేస్తున్నామని చెప్పాను. ‘తీసేయ్ అన్నయ్యా, పిల్లాడి చదువు ముఖ్యం’ అంది. వెంటనే అంది. ఆలోచించుకోవడానికి కూడా ఆగలేదు. అప్పుడు అడిగాను, రాత్రి ఎందుకు ఉండవని. చెప్పలేదు, మాట మార్చింది. మళ్లీ అడిగితే చెప్పింది. మూడేళ్ల క్రితం పిల్లలతో వచ్చినప్పుడు ఆ మంచం మీద నాన్న పుస్తకాలు, పైన కుట్టు మిషను మూత పెట్టి ఉన్నాయట. తీయమంటే వదినకి పని పెట్టినట్టవుతుందని అడగలేదట. హాల్లో పడుకుంటే రాత్రంతా నాన్న దగ్గు, తెల్లవారి నాలుగింటికి అమ్మ లైటు. చిన్నదానికి జ్వరం వచ్చింది ఆ రాత్రి. ఇవేవీ నాకు తెలియదు. ఆ సామాను మంచం మీద పెట్టింది నేనే, వర్షాకాలం గోడ నెమ్ము ఎక్కుతోందని.
మా ఆవిడ ఈ థ్రెడ్ మొత్తం చదివింది. ‘నన్నడిగితే రెండు నిమిషాల్లో తీసేదాన్ని కదా’ అని చాలాసేపు కూర్చుండిపోయింది. తర్వాత ఇంకో మాట కూడా అంది. పిల్లాడి పరీక్షలు మార్చిలో, వాడి టేబులు మాత్రం ఈ నెలలోనే పడాలి, అందులో రాజీ లేదని.

మల్లెపందిరి · 10:02
మీ ఆవిడ అన్నది నిజం. టేబులు ముందు.

చిన్నకోడలు · 10:15
పెట్టెలు మంచం కింద పెడితే నేలకి ఆనించకండి, నిమ్ము ఎక్కుతుంది. నాలుగు ఇటుకలు వేసి పెట్టండి. వదినగారిని అడిగానని చెప్పండి.

చెక్కపని · 10:31
తలుపు కుడి వైపుకి తెరుచుకుంటుందా, ఎడమ వైపుకా? దాన్నిబట్టి మంచం తల ఎటో చెప్తాను.

తెనాలి_1978 · 10:33
ఎడమ వైపుకి. మంచం ఇప్పుడే కొలిచాను, వెడల్పు మూడడుగుల రెండంగుళాలు. పడుతుందా?