కాంప్లిమెంట్ ప్రోటీన్లు కొత్త రక్తనాళాలను మొలిపిస్తాయా, ఆపుతాయా?

గోదావరిగట్టు:
మా నాన్నగారికి 78 ఏళ్లు, డాలస్‌లో మా దగ్గరే ఉంటారు. మాక్యులా (రెటీనా మధ్య భాగం) క్షీణత, పొడి రకం, ముదిరిన దశ. చూపు మధ్యలో మసక ఏటేటా పెద్దదవుతోంది. డాక్టరుగారు పెగ్‌సెటాకోప్లాన్ ఇంజెక్షన్ సూచించారు. రోగనిరోధక వ్యవస్థలో భాగమైన కాంప్లిమెంట్ ప్రోటీన్లలో సి3ని అడ్డుకునే మందు ఇది. అమెరికాలో 2023 ఫిబ్రవరిలో అనుమతి వచ్చింది. మందు వివరాల కాగితంలో ఒక మాట దగ్గర ఆగిపోయాను. ఇది తీసుకున్న కొందరిలో జబ్బు తడి రకంగా మారిందట, అంటే రెటీనా కింద కొత్త రక్తనాళాలు మొలిచాయట. ఆ నాళాలను మొలిపించేదే కాంప్లిమెంట్ అని ఇన్నాళ్లూ చదివాను. దాన్ని ఆపితే నాళాలు తగ్గాలి కదా? తెలిసినవారు చెప్పండి.

ప్రయోగశాల:
మీరు చదివినది నిజమే. రెటీనా కింద పేరుకునే డ్రూసెన్ అనే పసుపు మచ్చల్లో కాంప్లిమెంట్ ముక్కలు దొరుకుతాయి. ఈ వ్యవస్థకు కళ్లెం వేసే ఫ్యాక్టర్ హెచ్ అనే ప్రోటీన్‌లో, 402వ స్థానంలో టైరోసిన్ అనే అమైనో ఆమ్లం బదులు హిస్టిడిన్ ఉన్నవారికి ఈ జబ్బు ముప్పు ఎక్కువని 2005లో తేలింది. అదే ఏడాది మరో ప్రయోగం వచ్చింది. ఎలుకల కంటి వెనుక పొరను లేజర్‌తో గాయపరిస్తే మామూలు ఎలుకల్లో కొత్త నాళాలు మొలిచాయి, సి3 లేని ఎలుకల్లో మొలవలేదు. సి3, సి5 తెగినప్పుడు విడివడే చిన్న ముక్కలను సి3ఎ, సి5ఎ అంటారు. నాళాలకు మొలవమని చెప్పే ప్రధాన సంకేతం వీఈజీఎఫ్‌ను ఇవి పెంచుతాయని 2006లో చూపారు. ఆ ముక్కలను అందుకునే గ్రాహకాలు లేని ఎలుకల్లో నాళాలు తగ్గాయి. అండాశయ క్యాన్సర్ ఎలుకల్లోనూ ఇదే ధోరణి: సి3 లేకపోతే కణితి చిన్నదిగా, నాళాలు సరిగా లేకుండా ఉండిపోయింది. నా దృష్టిలో కాంప్లిమెంట్ నాళాలను పెంచేదే. ఆ కాగితంలోని లెక్కకు వేరే కారణం ఉండి తీరాలి.

కంటిపాప:
నేను ఒప్పుకోను. పక్కన పెట్టేంత చిన్న లెక్క కాదది. రెండేళ్లలో తడి రకంగా మారినవారు మందు అందని వర్గంలో 3 శాతం, రెండు నెలలకోసారి తీసుకున్నవారిలో 7 శాతం, నెలనెలా తీసుకున్నవారిలో 12 శాతం. మందు పెరిగేకొద్దీ ముప్పూ మెట్టుమెట్టుగా పెరిగింది. సి5ని ఆపే అవాసిన్‌క్యాప్టాడ్ మందులోనూ ఏడాదికి 7 శాతం, మందు లేనివారిలో 4. ఇవి ఎలుకలు కావు, మనుషుల కళ్లు.

ఇలా ఎందుకు జరగవచ్చో చూపిన ప్రయోగమూ ఉంది, 2010 నాటిది. నెలలు నిండకుండా పుట్టిన శిశువుల రెటీనా జబ్బుకు నమూనాగా ఎలుక పిల్లలను కొన్ని రోజులు అధిక ఆక్సిజన్‌లో ఉంచి, తర్వాత మామూలు గాలిలోకి తెస్తారు. అప్పుడు రెటీనాకు ఆక్సిజన్ చాలక నాళాలు అదుపు లేకుండా మొలుస్తాయి. సి3 లేని పిల్లల్లో అవి ఇంకా ఎక్కువగా మొలిచాయి. సి5ఎ తగిలిన మాక్రోఫేజ్ అనే రోగనిరోధక కణాలు వీఈజీఎఫ్ గ్రాహకాన్ని కరిగే రూపంలో బయటికి వదులుతాయి. అది వీఈజీఎఫ్‌ను దారిలోనే పట్టేస్తుంది, నాళానికి కబురు అందదు. ఇదే పని గర్భంలో జరిగితే చేటు. ఎలుకల్లో మాయకు నాళాలు చాలక గర్భాలు పోయాయని 2006లోనే తెలిసింది.

ప్రయోగశాల:
శిశువుల సంగతి ఎత్తారు కాబట్టి ఒక మాట. ఆ జబ్బున్న పిల్లల కంటి విట్రియస్ ద్రవంలో, అంటే కంటిగుడ్డు లోపల నిండి ఉండే జెల్లీలో, కాంప్లిమెంట్ చురుకుగా ఉందని హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ పరిశోధకులు 2017లో రాశారు. నాళాలు అదుపు తప్పిన చోటే అది ఎక్కువగా ఎందుకుంది? ఇక మందుల విషయం. మీరు చెప్పిన రెండింటిలోనూ, మందు ఎక్కువకాలం నిలవడానికి జోడించే పాలీఇథిలిన్ గ్లైకాల్ ఉంది. ఎలుక రెటీనా కింద దాన్ని ఎక్కిస్తే కొత్త నాళాలు మొలుస్తాయని 2011లో చూపారు. నెలనెలా మందు వేస్తే ఆ పదార్థమూ నెలనెలా చేరుతుంది. మీ మెట్ల లెక్కకు ఇదీ సరిపోతుంది.

కంటిపాప:
మంట పక్కన నీళ్ల బిందె కనిపిస్తే మంట బిందె వల్ల పుట్టిందనలేం. ఆర్పడానికి తెచ్చి ఉండవచ్చు. శిశువుల కంటి ద్రవం గురించి నా జవాబు అదే. పాలీఇథిలిన్ గ్లైకాల్ మాటను మాత్రం కొట్టిపారేయను, అది న్యాయమైన అభ్యంతరం. అయితే ఆ ఎలుకల్లో దాన్ని రెటీనా కిందికి ఎక్కించారు, రోగులకు విట్రియస్‌లోకి ఇస్తారు. రెండూ ఒకటి కావు.

గాయంమాను:
మీ ఇద్దరూ కాంప్లిమెంట్‌ను ఒకే మనిషిలా చూస్తున్నారు. అది ఒకదాన్నొకటి గొలుసుగా కదిలించే ముప్పైకి పైగా ప్రోటీన్ల గుంపు. సి1క్యూ సంగతే చూడండి. మిగతా గొలుసు కదలకపోయినా అది ఒక్కటే నాళపు కణాలను పెరగమని పురికొల్పుతుందని, అది లేని ఎలుకల్లో చర్మ గాయం దగ్గర నాళాలు తక్కువగా మొలిచాయని 2014లో వచ్చింది. పుండు మానాలంటే ఆ నాళాలు కావాలి. లేజర్ గాయం, ఆక్సిజన్ కొరత, ఏళ్ల తరబడి ముదిరిన మాక్యులా మూడు వేర్వేరు పరిస్థితులు. ఒకదాని జవాబు ఇంకోదానికి అతికించవద్దు. నన్నడిగితే, గోదావరిగట్టు గారు ముందుగా చూడవలసింది వాళ్ల నాన్నగారి రెండో కన్ను.

కంటిపాప:
అవును, అది నేనే మొదట రాయవలసింది. రెండో కంట్లో ఇప్పటికే తడి రకం ఉన్నవారిలో ఈ ముప్పు ఎక్కువగా కనిపించింది. ఇంకొకటి: మందు రెటీనాలో కణాలు చచ్చిన మచ్చ పెరుగుదలను సుమారు ఐదో వంతు తగ్గిస్తుంది, పోయిన చూపును తిరిగి తేదు. రోగికి కలిగే మేలు చాలదని యూరప్ ఔషధ సంస్థ 2024లో దీనికి అనుమతి నిరాకరించింది.

గోదావరిగట్టు:
అందరికీ కృతజ్ఞతలు. రెండో కంట్లోనూ పొడి రకమేనని డాక్టరుగారి కాగితంలో ఉంది, ఇప్పుడే మళ్లీ చూశాను. నాన్నగారికి ఇదంతా చదివి వినిపించాను. పేపరు చదవగలిగే రోజులు ఇంకొన్ని మిగిలితే చాలు, సూదికి భయపడనన్నారు. రెండు నెలలకోసారి ఇవ్వడం కుదురుతుందా, ప్రతిసారీ ముందుగా రెటీనా పొరలను చూపే ఓసీటీ స్కాన్ తీస్తారా అని మంగళవారం అడుగుతాం. తడి రకంగా మారితే వెంటనే వీఈజీఎఫ్‌ను అడ్డుకునే మందు మొదలుపెడతారా అనేది కూడా. గీతల గళ్ల కాగితం ఫ్రిజ్ మీద అంటించాను. ఒక్కో కన్ను మూసి రోజూ చూడమని చెప్పాను, గీత వంకరగా కనిపిస్తే అదే రోజు ఫోను చేస్తాం.